మంచుకొండలో జొన్న పాతర

మా ఊరు పాములపాడు. నంద్యాల జిల్లాలో ఆత్మకూరుకూ, నందికొట్కూరుకూ నడుమ ఉన్నది. దూరంగా తూర్పున నల్లమల కొండలు నీలంగా కనిపిస్తాయి. మా మండలంలోనే బనకచర్ల దగ్గర, శ్రీశైలం జలాశయం నుంచి వచ్చే కృష్ణ నీళ్ళు చీలి, తెలుగుగంగ అనీ, శ్రీశైలం కుడిగట్టు కాలువ అనీ వేరువేరు దారులు పడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం పూట మా వీథిలో కాకి కూడా తిరగదు. అలాటి ఊళ్ళో పుట్టినవాణ్ణి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండే మంచు దీవులకు ఓడ యెక్కి పోయి వచ్చాను. దీనికంతా కారణం ఒక పాతర.

పాతర అంటే ఈనాటి పిల్లలలో చాలామందికి తెలియదు. మా అవ్వ చిన్నతనంలో మా వైపు కలిగిన రైతులందరికీ పాతరలు ఉండేవి. పాతర అంటే భూమిలో తవ్విన గొయ్యి. మూతి సన్నంగా, కడుపు పెద్దగా, భూమిలో పూడ్చిన కుండలాగా ఉంటుంది. చుట్టూ చొప్ప పరిచి, లోపల జొన్నలు పోసి, మూతికి బండ వేసి, పైన మట్టి మెత్తేవాళ్ళు. వానలు లేని సంవత్సరం దాన్ని తెరిచేవాళ్ళు. తెరవగానే మాత్రం ఎవరూ లోపలికి దిగేవారు కారు. ముందు దీపం వెలిగించి తాడుతో దించేవారు. దీపం ఆరిపోతే ఆ పూటకు ఆగేవారు. ఎందుకంటే గింజలకు కూడా ప్రాణం ఉన్నది. అవి మెల్లగా ఊపిరి పీలుస్తూ ఉంటాయి. మూసిన గోతిలో ఉన్న మంచి గాలి అయిపోయి, బొగ్గుపులుసు గాలి నిండుతుంది. అందులో పురుగు బతకదు, దీపం వెలగదు, మనిషి కూడా బతకడు.

పాతరలో ఉండేవి తినే జొన్నలు. విత్తనపు జొన్నలు వేరే కుండలో, బూడిదా, వేపాకూ కలిపి, ఇంటి లోపల ఉండేవి. “పస్తులున్నా సరే, ఆ కుండ మాత్రం ముట్టగూడదు,” అని మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిందట.

ఇప్పుడు మా ఊళ్ళో పాతరలు లేవు. కాలువలు వచ్చాక వరి పెరిగింది. ఒకప్పుడు ఎటు చూసినా కనిపించిన పచ్చజొన్న ఇప్పుడు అక్కడక్కడా తప్ప కనిపించదు. ఇలా ఉండగా ఒకనాడు మా అన్న కూతురు బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, “చిన్నాయనా! మన జొన్నలు ఉత్తర ధ్రువం కాడ మంచుకొండలో పాతర వేశారంట!” అన్నది.

మా అవ్వ పెద్దగా నవ్వింది. “మంచంటే నీళ్ళే గదా? నీళ్ళు తగిలితే విత్తనం చెడదా? ఎవరురా ఆ తెలివైనోళ్ళు?” అన్నది.

నేను జవాబు చెప్పలేక పోయాను. అవ్వ అడిగిన ప్రశ్న మంచిదనిపించింది. ఆ పిల్లా, నేనూ కలిసి భూగోళ పటం తెరిచి చూశాము. నార్వే దేశానికి ఉత్తరంగా, సముద్రం మధ్య స్వాల్‌బార్డ్ అనే దీవుల గుంపు ఉన్నది. అందులో అన్నిటికంటె పెద్దది స్పిట్స్‌బెర్గెన్. ముఖ్యమైన ఊరు లాంగ్‌యియర్‌బ్యెన్. ఒక తమాషా కూడా కనిపించింది. మా పాములపాడు తూర్పు రేఖాంశం సుమారు 78½ డిగ్రీలు. ఆ ఊరి ఉత్తర అక్షాంశం 78 డిగ్రీలు. పటంలో అడ్డగీతలనూ నిలువుగీతలనూ తారుమారు చేస్తే ఇద్దరం ఇరుగుపొరుగులమే! నిజానికి మా రెండు ఊళ్ళకూ మధ్య సుమారు 7,700 కిలోమీటర్లున్నాయి. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం 1,300 కిలోమీటర్లే.

కొన్నేళ్ళుగా కూడబెట్టిన డబ్బు తీసి 2025 జూలైలో నేను బయలుదేరాను. ఎంత అయిందని ఎవరైనా అడిగితే మాట మార్చేస్తాను.

కర్నూలు మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి విమానాలు మారి నార్వే రాజధాని ఓస్లో చేరాను. ఓస్లో నుంచి ఉత్తరానికి మూడు గంటల ప్రయాణం. 1920లో పారిస్‌లో జరిగిన ఒప్పందం ప్రకారం ఈ దీవులు నార్వేవి అయినా, ఆ ఒప్పందంలో చేరిన దేశాలవారు అక్కడికి వెళ్ళి ఉండవచ్చు. అప్పటి బ్రిటిషు ఇండియా కూడా అందులో చేరింది. మనకు అక్కడ దిగడానికి వీసా అక్కరలేదు. అయితే దారిలో ఓస్లో ఉన్నది గనక దానికి వీసా తప్పదు!

నేను లాంగ్‌యియర్‌బ్యెన్ చేరేసరికి రాత్రి రెండు గంటలయింది. ఎండ ఫెళ్ళున కాస్తున్నది. ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు 22 ప్రాంతం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. దానికి బదులు అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉదయించనే ఉదయించడు. ఆ తరవాత కూడా చుట్టూ కొండలుండటం వల్ల ఊళ్ళోకి ఎండ రావటానికి మార్చి 8 అవుతుంది. ఆనాడు అక్కడి పిల్లలు ముఖాలకు పసుపు రంగు పూసుకుని, పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరి సూర్యుణ్ణి కేకలు వేసి పిలుస్తారట. మా ఊరి పిల్లలు మే నెలలో సూర్యుడికి ఏమని చెబుతారో వాళ్ళకు తెలిస్తే ఆశ్చర్యపోతారు.

ఊళ్ళో సుమారు 2,500 మంది ఉంటారు. ఈ ఊరు బొగ్గు కోసం వెలిసింది. 1906లో లాంగ్‌యియర్ అనే అమెరికా ఆయన గనులు తెరిచాడు; ఊరికి ఆయన పేరే వచ్చింది. నేను వెళ్ళడానికి కొద్దిరోజుల ముందే నార్వేవారి చివరి బొగ్గుగని మూసేశారు. గనులు పోయినా, వాటితో వచ్చిన ఒక ఆచారం మిగిలింది. బసకు పోయినా, ప్రదర్శనశాలకు పోయినా గుమ్మంలోనే బూట్లు విప్పాలి. బొగ్గు మసి ఇంట్లోకి రాకుండా పూర్వం పెట్టుకున్న కట్టుబాటు అది. ఇంత దూరం వచ్చాక గుమ్మం ముందు పాదరక్షల వరస చూచి నాకు ఇంటికి వచ్చినట్టే అనిపించింది.

మర్నాడు సాయంత్రం ఓడ యెక్కాను. మాది పెద్ద ఓడ కాదు. సుమారు నూరుమంది యాత్రికులం. రక్షిత ప్రాంతాలలోకి 200 మందిని మించిన ఓడలను 2025 నుంచి రానివ్వడం లేదు. తారు లాంటి నల్ల చమురు కాల్చే ఓడలను 2022 నుంచే ఆపేశారు. ఇలాటి ఓడలో సుఖంగా కూర్చుని కిటికీలోంచి చూడటం కాదు. రోజుకు ఒకటి రెండు సార్లు రబ్బరు పడవలలో ఒడ్డుకు పోయి, తడిసి, వణికి, మళ్ళీ రావాలి. కాని ఒడ్డు మీద కాలు పెట్టక ముందు ఒక పరీక్ష ఉన్నది. ఆ పరీక్షలో నేను తప్పాను.

ఓడలో ఒక గదిలో మమ్మల్ని వరసగా నిలబెట్టారు. దుమ్ము పీల్చే యంత్రాలూ, బ్రష్షులూ, చిన్న పట్టకార్లూ ఉన్నాయి. ప్రతివారూ తమ బూట్లూ, కోట్లూ, సంచులూ చూపించాలి. మాకు దారి చూపే వారిలో ఒక నార్వే యువతి నా భుజానికి వేసుకునే సంచిని తిరగేసి, పక్క జేబు కుట్టు విప్పదీసి, అందులో నుంచి పట్టకారుతో ఒకటి, రెండు, మూడు గింజలు లాగింది. అవి అరచేతిలో పెట్టి, “ఇవేమిటి?” అని అడిగింది.

చూడగానే పోల్చాను. ఉత్తరేణి గింజలు! ఆ సంచీని నేను మా చేలో గట్టు మీద పెట్టాను. అక్కడ అంటుకుని, కర్నూలూ, హైదరాబాదూ, ఓస్లో దాటి నాతోపాటు వచ్చాయన్న మాట. టిక్కెట్టు కూడా లేకుండా!

“ఇవి మా ఎండలలో పెరిగే మొక్కవి. మీ చలిలో ఒక్క గంట బతకవు,” అన్నాను, కొంచెం సిగ్గుపడి.

ఆమె నవ్వి, “ఇవి బతకక పోవచ్చు. కాని ఆ కుట్టులో మీ ఊరి మట్టి మాత్రమే ఉన్నదా, ఓస్లో గడ్డి కూడా ఉన్నదా, మీకు తెలుసునా? నాకూ తెలియదు. అందుకే అన్నీ తీసేస్తాం,” అన్నది.

ఆ తరవాత ఆమె ఒక సంగతి చెప్పింది. కొన్నేళ్ళ కిందట శాస్త్రజ్ఞులు స్వాల్‌బార్డ్ విమానాశ్రయంలో దిగిన 259 మంది బూట్లు దులిపి చూశారట. వెయ్యికి పైగా గింజలు దొరికాయి. వాటిని అక్కడి చలిలాటి చలిలోనే మొలకెత్తించి చూస్తే సుమారు నాలుగవ వంతు మొలిచాయి. ఈ దీవులలో సొంతంగా పెరిగే పూలమొక్కల జాతులు రెండు వందల లోపు. వాటి మధ్య ఒక గడుసు గడ్డి మొలిస్తే దాన్ని పీకేవారెవరు?

నాకు వెంటనే మా వయ్యారిభామ గుర్తుకు వచ్చింది. తెల్లని పూలతో అందంగా ఉండి, ముట్టుకుంటే దురద పుట్టించే ఆ కలుపు మన దేశంలో పుట్టినది కాదు. 1955 ప్రాంతంలో పూనాలో మొదట కనిపించింది. విదేశాల గోధుమలతో కలిసి వచ్చిందంటారు. ఇప్పుడు అది లేని చేనుగట్టు మా ఊళ్ళో లేదు. నేను మరి మాట్లాడకుండా సంచీ మొత్తం తిరగేసి, ప్రతి కుట్టూ నేనే దులిపాను.

మొదటి రోజు మేము దిగవలసిన ఒడ్డు మీద ధ్రువపు ఎలుగు కనిపించింది. కనిపించిందంటే, దుర్బిణిలో పసుపు పచ్చని చుక్క కదిలింది. అంతే, దిగడం రద్దయింది. 2025 నుంచి ఎలుగుకు 300 మీటర్ల లోపలికి ఎవరూ పోగూడదు. మార్చి నుంచి జూన్ దాకా అయితే 500 మీటర్లు. డబ్బులు పోసి ఇంతదూరం వచ్చి చుక్కను చూడటమేమిటని ఒకాయన సణిగాడు. నాకూ లోపల అలాగే ఉన్నది గాని, పైకి అనలేదు. ఇక్కడ ఎలుగుల వేటను 1973లో ఆపారు. అంతకు ముందు వాటిని ఎన్ని రకాల పన్నాగాలతో చంపేవారో వింటే, ఆ 300 మీటర్లు తక్కువేమో అనిపిస్తుంది.

రెండవ రోజు దిగాం. తుపాకులు పట్టుకున్న మార్గదర్శులు ముందుగా పోయి గుట్టల మీద కాపలా నిలిచారు. దూరం నుంచి బోడిగా కనిపించిన నేల దగ్గరికి పోయి చూస్తే తోట! ఊదా పూలు, పసుపు పూలు, దిండులాటి నాచు. అక్కడ చెట్లు లేవనుకున్నాను. “మీరు చెట్ల మీదనే నిలబడి ఉన్నారు,” అన్నారు. ధ్రువపు విల్లో అనే చెట్టు అక్కడ వేలెడు ఎత్తు కూడా పెరగదు. చలిగాలికి భయపడి నేలకు కరుచుకుని పాకుతుంది. ఒకసారి తొక్కిన అడుగు జాడ ఆ నాచులో ఏళ్ళ తరబడి ఉండిపోతుందిట. అందుచేత ముందువాళ్ళు రాళ్ళ మీద అడుగు వేస్తే వెనకవాళ్ళూ ఆ రాళ్ళ మీదనే నడిచాం.

ఆ నడకలో నన్ను ఒక పక్షి కొట్టింది. దాన్ని ఆర్కిటిక్ టెర్న్ అంటారు. పావురం కంటె చిన్నది. అది ఇక్కడి వేసవిలో గుడ్లు పెట్టి, శీతాకాలం రాగానే భూగోళానికి అవతలి కొసన ఉన్న దక్షిణ ధ్రువ సముద్రాలకు ఎగిరిపోతుంది. మళ్ళీ మరుసటి వేసవికి వస్తుంది. అంత ప్రయాణం చేసే పక్షి ముందు నేను చేసిన 7,700 కిలోమీటర్లు ఏపాటివి! గూడు దగ్గరికి వచ్చానని అది నా నెత్తిన రెండుసార్లు పొడిచింది. తల మీద కర్ర ఎత్తి పట్టుకుంటే కర్రను పొడుస్తుందని ఆ తరవాత చెప్పారు. ముందే చెప్పవలసింది.

మేము పెంగ్విన్లను చూశామా అని చాలామంది అడిగారు. పెంగ్విన్లు ఉత్తర ధ్రువం దగ్గర ఉండవు, అవి దక్షిణాదివి. ఇక్కడ నలుపూ తెలుపూ రంగులలో గిల్లెమాట్ అనే పక్షులున్నాయి. ఆల్కెఫెలెట్ అనే నిట్టనిలువు కొండచరియ మీద వాటివి 60,000 జతల దాకా ఉంటాయి. గూడు కట్టవు, రాతి అంచు మీదనే గుడ్డు పెడతాయి. గుడ్డు ఒక కొస సన్నంగా ఉంటుంది. పడవలో ఆ చరియ కింద కూర్చుంటే సంతలో ఉన్నట్టుంది. చప్పుడే కాదు, వాసన కూడా!

వాయవ్యపు కొసన ఆమ్‌స్టర్‌డామ్ దీవి దగ్గర మా పడవ ఒడ్డుకు దూరంగానే ఆగింది. ఇసుక మీద వాల్రస్‌లు ఒకదాని మీద ఒకటి పడుకుని, పెద్ద కోరలు బయటికి పెట్టి గుర్రు కొడుతున్నాయి. వాటి వెనక గుండ్రని మట్టిదిబ్బలు కనిపించాయి. 1600 తరవాత హాలెండు వాళ్ళు ఇక్కడ స్మీరెన్‌బర్గ్ అనే మజిలీ కట్టారు. ఆ పేరుకు ‘కొవ్వు ఊరు’ అని అర్థం. తిమింగిలాలను చంపి, కొవ్వును పెద్ద పెద్ద రాగి గంగాళాలలో కాచి, నూనె తీసి యూరప్‌కు పంపేవారు. ఆ దిబ్బలు నాటి పొయ్యిలు. ఈ సముద్రంలో విరివిగా ఉండిన విల్లుతల తిమింగిలాలు ఆ పొయ్యిలలోకే పోయాయి. ఇప్పటికీ అవి అరుదు. వాల్రస్‌లను కూడా దాదాపు తుడిచిపెట్టారు. 1952లో వేట ఆపాక మెల్లగా తిరిగి వచ్చాయి. ఒక మూడు వందల ఏళ్ళు ఈ దీవులకు వచ్చిన వాళ్ళంతా ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వచ్చారు. మేము గులకరాయి కూడా జేబులో వేసుకోకూడదు.

దారిలో నీ-ఓలెసుండ్ అనే చిన్న ఊరు తగిలింది. అక్కడ అన్నీ పరిశోధనశాలలే. 1926లో ఆముండ్‌సెన్ బృందం ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరిన గాలి ఓడను కట్టిన ఇనుప స్తంభం ఇంకా నిలిచి ఉన్నది. ఆ ఊళ్ళో ఫోన్ల నుంచి ఎలాటి తరంగాలూ రాకుండా కట్టివేయాలి. ఆకాశపు సంకేతాలను వినే పరికరాలు అక్కడ ఉన్నాయి. ఆ ఇళ్ళ మధ్య ‘హిమాద్రి’ అనే పేరు చూచి నా గుండె ఉప్పొంగింది. మన దేశం 2008 జూలై 1న తెరిచిన పరిశోధన కేంద్రం అది. ఇక్కడి మంచు కరగడానికీ, మన ఋతుపవనాలకూ ఉన్న సంబంధాన్ని కూడా మనవాళ్ళు పరిశీలిస్తున్నారు. బనకచర్లలో ఎన్ని నీళ్ళు వస్తాయన్న లెక్కలో ఇంత దూరపు మంచుకూ భాగం ఉన్నదేమో మరి!

ఒకనాడు పొద్దున రబ్బరు పడవలో ఒక హిమానీనదం ముందుకు పోయాం. అది నీలపు గోడలాగా సముద్రంలోకి దిగింది. యంత్రం ఆపగానే చుట్టూ పటపటమని సన్నని చప్పుడు. ఎన్నో ఏళ్ళ కిందట మంచులో చిక్కుకున్న గాలి బుడగలు, ఆ ముక్కలు నీళ్ళలో కరిగేటప్పుడు పగిలే చప్పుడు అది. అచ్చం మా అవ్వ మూకుట్లో జొన్న పేలాలు వేయించినట్టున్నది. ఆ రోజు జూలై 6. ఓడకు తిరిగి వచ్చాక లెక్క చూసుకుంటే తొలి ఏకాదశి! ఇంట్లో నిజంగానే పేలాలు వేయిస్తూ ఉంటారు.

ఎనిమిది రోజుల తరవాత లాంగ్‌యియర్‌బ్యెన్‌లో దిగి, నేను వచ్చిన పని మీద పోయాను. విమానాశ్రయానికి ఎగువన కొండ చరియలోంచి ఒక సిమెంటు గోడ కత్తి అంచులాగా పొడుచుకు వచ్చి ఉన్నది. దాని నెత్తిన అద్దాల ముక్కలు సూర్యుడికి తళతళ మెరుస్తున్నాయి. చీకటి నెలలలో దీపాలతో మెరుస్తాయట. కింద ఇనుప తలుపు. అదే ప్రపంచ విత్తన నిధి. లోపలికి యాత్రికులను రానివ్వరు. నేను తలుపు ముందు నిలబడ్డాను. అంతే చూశాను.

లోపల ఏమున్నదో చెబుతాను. కొండ లోపలికి నూరు మీటర్లకు పైగా సొరంగం. దాని చివర మూడు గదులు. అక్కడి రాయి ఎప్పుడూ గడ్డకట్టి ఉంటుంది. యంత్రాలతో ఇంకా చల్లార్చి సున్నాకు దిగువ 18 డిగ్రీలలో ఉంచుతారు. 2008 ఫిబ్రవరి 26న దీన్ని తెరిచారు. ఇప్పటికి పన్నెండు లక్షలకు మించి విత్తనపు నమూనాలు చేరాయి. మన పటాన్‌చెరులో 1972లో వెలిసిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, కొర్ర మొదలైన వాటివి లక్షకు పైగా రకాలు ఇక్కడికి పంపింది. నల్లరేగడి నేలల మీద మన తాతలు ఏరి ఏరి పెంచిన రకాలు కూడా ఆ సంస్థ సేకరణలో ఉన్నాయి. వాటి అసలు నిలువ పటాన్‌చెరులోనే ఉన్నది. ఇక్కడ ఉన్నది రెండో కుండ.

గింజలను బాగా ఎండబెట్టి, గాలి చొరని వెండి రంగు రేకు పొట్లాలలో పోసి, పెట్టెలలో పెట్టి ముద్ర వేస్తారు. తడీ, వేడీ రెండూ లేకపోతే గింజ ఊపిరి చాలా నెమ్మదిస్తుంది. అలా ఎన్నో దశాబ్దాలు, కొన్ని జాతులైతే వందల ఏళ్ళు కూడా బతికి ఉంటాయి. మా అవ్వ పాతరలో గాలి లేకుండా చేసి పురుగును ఆపేవారు. ఇక్కడ చలితో ముసలితనాన్నే ఆపుతున్నారు. పెట్టె ఎవరు పెట్టారో వాళ్ళదే. వాళ్ళు తప్ప ఇంకెవరూ తెరవకూడదు, నార్వేవారు కూడా.

ఇదంతా అవసరమా అంటే, ఒకసారి అవసరం వచ్చింది. సిరియాలో అలెప్పో దగ్గర ఇకార్డా అనే సంస్థకు గొప్ప విత్తన భండారం ఉండేది. గోధుమ, బార్లీ, పప్పుధాన్యాలు దాచేవారు. అక్కడ యుద్ధం వచ్చింది. పనివాళ్ళు ఆ భండారానికి పోయే దారి లేకపోయింది. అయితే వాళ్ళు ముందుగానే చాలా రకాలను ఇక్కడికి పంపి ఉన్నారు. 2015లో తమ పెట్టెలు వెనక్కు తీసుకుని, లెబనాన్‌లోనూ, మొరాకోలోనూ విత్తి, పండించి, 2017లో మళ్ళీ కొత్త గింజలు తెచ్చి ఇక్కడ పెట్టారు. పాతర తెరవడం, చేను విత్తడం, పాతర మళ్ళీ నింపడం! మా అవ్వకు ఈ కథ చెప్పాలనుకున్నాను.

ఇంటికి వచ్చాక చెప్పాను కూడా. అవ్వ అంతా విని, “అదంతా సరే. నేనడిగింది చెప్పు. నీళ్ళు దిగినాయా, లేదా?” అన్నది.

దిగాయి. ఈ సంగతి దాచవలసింది కాదు గనక చెప్పాను. 2016 అక్టోబరులో అక్కడ మామూలుగా మంచు కురవవలసిన రోజులలో ఎడతెగని వాన కురిసింది. ఈ దీవులలో వేడి, భూమి మీద మిగతా చోట్ల కంటె ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతున్నది. నీళ్ళు సొరంగం మొదటి భాగంలోకి వచ్చి అక్కడే గడ్డకట్టాయి. గింజలున్న గదులు ఇంకా లోపల ఉన్నాయి గనక వాటికేమీ కాలేదు. తరవాత సొరంగపు ముందు భాగాన్ని నీరు చొరకుండా మళ్ళీ కట్టారు. ఎన్నటికీ కరగదనుకున్న నేలను నమ్మి కట్టినవాళ్ళకు అలా జరుగుతుందని తోచలేదు.

“మూతి సరిగ్గా మెత్తలేదన్న మాట,” అన్నది అవ్వ. నాకు తెలిసి ఆ విషయం మీద ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

మా అన్న కూతురు, “మరి మొదటిసారి తెరిచినప్పుడు దీపం దించారా, చిన్నాయనా?” అని అడిగింది. అక్కడ దీపం అక్కరలేదనీ, గింజలు పొట్లాలలో ఉంటాయనీ చెప్పాను. ఆ పిల్లకు అది రుచించలేదు.

అవ్వ లేచి లోపలికి పోయి, ఒక గుడ్డమూటలో పిడికెడు పచ్చజొన్నలు తెచ్చి నా ముందు పెట్టింది. “ఈసారి ఎవరన్నా పోయేటోళ్ళుంటే ఇవి ఇచ్చి పంపు,” అన్నది. అలా ఒకరి జేబులో వేసి పంపితే తీసుకోరనీ, ముందు పటాన్‌చెరు లాంటి చోటికి చేరాలనీ, అక్కడ ఎండబెట్టి, పరీక్షించి, పేరు రాసి పంపుతారనీ చెప్పాను. అంతటితో ఊరుకోక, ఓడలో నా సంచిలోంచి గింజలు లాగిన కథ కూడా చెప్పాను.

“ఏం గింజలు?” అన్నది అవ్వ.

“ఉత్తరేణి.”

“అంత దూరం పోతా పోతా ఉత్తరేణి పట్టుకపోతివా!” అని అవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వసాగింది. జొన్నల మూట మాత్రం వెనక్కు తీసుకోలేదు. అది ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది. పటాన్‌చెరుకు ఉత్తరం రాశాను.